లంచ్ బాక్స్ సగం తిరిగొస్తోందా? ముందు ఆ గ్యాస్ మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా బాబుకి 12 ఏళ్లు, ఏడో తరగతి. స్కూల్లో లంచ్ బ్రేక్ 25 నిమిషాలే. బాక్స్ సగం అలాగే తిరిగొస్తోంది. సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి అంటున్నాడు. రెండు నెలలుగా పరగడుపున గ్యాస్ మాత్ర, ఆకలికి సిరప్ ఇస్తున్నాం. ఈ వయసు పిల్లలకు 25 నిమిషాలు సరిపోతాయా?

జవాబు: సరిపోవమ్మా. కూర్చుని తినడానికే కనీసం 20 నిమిషాలు ఉండాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మెట్లు దిగడం, కుళాయి దగ్గర లైను అందులోకి రావు. అవి తీసేస్తే మీవాడికి మిగిలేది పది, పన్నెండు నిమిషాలేమో. పేరెంట్స్ మీటింగ్‌లో ఈ లెక్కే చెప్పి అడగండి.

నాకు కంగారు పుట్టించింది మాత్రం ఆ గ్యాస్ మాత్ర. డాక్టర్ రాసిందైతే ఆయన్నే అడిగి ఆపండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదైతే రెండు నెలలు వాడటం తప్పు. అది కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆమ్లం తగ్గితే తిన్న తిండిలోని ఐరన్ సరిగా ఒంటబట్టదు. పైగా అసలు జబ్బేదైనా ఉంటే బయటపడటం ఆలస్యమవుతుంది. ఆకలి సిరప్‌లలో చాలావాటిలో ఉండే సైప్రోహెప్టడిన్ అలర్జీ మందు, మత్తుగా ఉంటుంది. మధ్యాహ్నం క్లాసులో కునుకు తీస్తున్నాడని టీచర్ చెబితే పిల్లాణ్ని తిట్టకండి.

చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఈ వయసులో ఇలాంటి నొప్పికి తరచూ కనబడే కారణం మలబద్ధకం. నీళ్ల సీసా కూడా నిండుగానే తిరిగొస్తోందా? రెండు మూడు రోజులకోసారి, ఉండలుగా వెళ్తున్నాడా? టైము చాలనప్పుడు పిల్లలు నీళ్లు, బాత్రూమ్ మానేస్తారు. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని లాగేసుకుంటుంది, అది రాయిలా గట్టిపడుతుంది, ఆకలి చచ్చిపోతుంది. రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు తాగించండి, ఎండల్లో ఇంకాస్త. పొద్దున టిఫిన్ అయిన పావుగంటకి టాయిలెట్‌లో ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. కమోడ్ అయితే కాళ్ల కింద పీట వేయండి. రాకపోయినా రోజూ అదే వేళకి కూర్చోవాలి.

బాక్స్‌లో ములక్కాడ సాంబారు, ముల్లున్న చేప, ఎండిపోయే చపాతీ వద్దు. మెత్తగా కలిపిన పప్పన్నం, చిన్న ముక్కల కూర, కోసిన గుడ్డు త్వరగా తినగలడు. వేడి అన్నం మీద వెంటనే స్టీలు మూత బిగిస్తే చల్లారాక పట్టేస్తుంది, పిల్లాడి చేతికి రాదు. కాస్త ఆవిరి పోయాక పెట్టండి. తిరిగొచ్చిన అన్నం సాయంత్రం తినిపించకండి, మన ఎండకి అప్పటికే పాడయ్యుంటుంది.

బరువు తగ్గినా, నొప్పికి నిద్రలోంచి లేచినా, మలంలో రక్తం పడినా, మూత్రంలో మంట ఉన్నా ఈ వారమే పిల్లల డాక్టర్‌కి చూపించండి. నొప్పి కుడివైపు కిందికి జరిగినా, ఆకుపచ్చ రంగు వాంతులైనా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకపోయినా రెండు నెలల నొప్పి కాబట్టి ఒకసారి బరువు, హిమోగ్లోబిన్, మూత్రం పరీక్ష చేయించండి. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్, సిరప్ సీసా వెంట తీసుకెళ్లండి.