అడగండి, చెబుతాం: పొడైపోతున్న రైలు చక్రాలు

ప్రశ్న: అటక మీద తాతగారి హార్న్‌బీ (బ్రిటిష్ బొమ్మరైళ్ల బ్రాండ్) కీ ఇచ్చే బొమ్మరైలు దొరికింది. రేకు బాడీ బాగానే ఉంది. ఇంజిన్ చక్రాలు మాత్రం బీటలిచ్చి, ముట్టుకుంటే ఒకటి విరిగింది. అమ్మ చింతపండుతో తోమమంటోంది. తోమొచ్చా?
– పెరంబూరు, చెన్నై

జవాబు: వద్దండీ, చింతపండు ఇత్తడి బిందెలకే ఉంచండి. పులుపు జింకును తినేస్తుంది. మీ చక్రాలు జింకు మిశ్రమంతో పోతపోసినవి. వాటికి పట్టింది ఇనుముకు పట్టే తుప్పు కాదు. అది పైనుంచి లోపలికి తింటుంది, ఇది లోపలి నుంచే మొదలవుతుంది. పోత సమయంలో ఏ కాస్త సీసం కలిసినా అది లోహపు రేణువుల మధ్య సందుల్లో చేరుతుంది. గాలిలో చెమ్మ తగిలితే ఆ సందులు తుప్పుపట్టి ఉబ్బుతాయి. చక్రం ముందు కొద్దిగా పెరుగుతుంది, తర్వాత బీటలిస్తుంది, చివరికి తడిసిన బిస్కెట్‌లా రాలుతుంది. 99.99 శాతం స్వచ్ఛమైన జింకుతో చేసిన మిశ్రమం 1929లో వచ్చింది. ఆ తర్వాత కూడా పోతలో సీసం కలిసిన బొమ్మలది ఇదే గతి. అందుకే ఒకే కాలం నాటి రెండు ఇంజిన్లలో ఒకటి నిక్షేపంగా ఉండి, రెండోది పొడిగా రాలిపోతుంది.

దీనికి మందు లేదు. ఎపాక్సీ జిగురు పూసినా లోపలి ఉబ్బు ఆగదు. పక్క బొమ్మకు అంటుకుంటుందన్న భయం మాత్రం అక్కర్లేదు. కీ ఇవ్వకండి. బరువు చక్రాల మీద పడకుండా ఇంజిన్ అడుగున చిన్న దిమ్మె పెట్టండి. చక్రాన్ని ఇరుసు నుంచి బలవంతంగా లాగితే ఇరుసు వంగుతుంది. వెర్నియర్ కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) చక్రం వ్యాసం, ఇరుసు మందం కొలిచి, ఫొటో తీసుకున్నాకే కొత్త చక్రాల కోసం చూడండి. పాత ముక్కల్ని జిప్ కవర్లో దాచండి.

ప్రశ్న: పాత బొమ్మరైలు వ్యాగన్ రంగు పెచ్చులూడుతోంది. శుభ్రం చేసి మళ్లీ రంగు వేయించనా?
– వేళచ్చేరి, చెన్నై

జవాబు: రంగు వేయిస్తే సగం విలువ పోయినట్టే. పెచ్చు కింద గోధుమరంగు కనిపిస్తే రేకు తుప్పు. బూడిదరంగు గుల్లగా ఉంటే పైన చెప్పిన జింకు జబ్బే. పెచ్చులున్న చోట దూది కూడా తగలనివ్వకండి. గట్టిగా ఉన్న రంగు మీద డిస్టిల్డ్ వాటర్లో ఒక చుక్క ఘాటులేని సబ్బు కలిపి, తడి పిండేసిన ఇయర్‌బడ్‌ను దొర్లించండి, రుద్దకండి. ముందు అడుగుభాగంలో ఒక మూల చూడండి. ఇయర్‌బడ్‌కు రంగు అంటితే ఆపేయండి. వెంటనే తుడిచి, ఆరాక మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ (రక్షణగా పూసే మైనం) పలుచగా రాయండి. థిన్నర్, పెట్రోల్ దగ్గరకు రానివ్వద్దు. గరుకు కాగితంతో రుద్దడం అసలే వద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ పొడి పిల్లలున్న ఇంట్లో ప్రమాదం. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, చేతి చెమట ఉప్పు కూడా రేకుకు శత్రువే.

ప్రశ్న: మరి బొమ్మరైళ్లను ఎక్కడ దాచాలి? బీరువాలో నాఫ్తలిన్ ఉండలు వేశాం.
– అడయార్, చెన్నై

జవాబు: ముందు ఆ ఉండలు తీసేయండి. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది. ప్లైవుడ్ అరలు ఆమ్లపు ఆవిరి వదులుతాయి, న్యూస్‌పేపర్ కూడా ఆమ్లమే. బబుల్ ర్యాప్ రంగుకు తగిలితే గుండ్రటి మచ్చలు పడతాయి. మూత బిగిసే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ డబ్బా కొని, ఆమ్లరహిత కాగితంలో చుట్టి, డబ్బాలో పట్టే ప్రతి లీటరుకు 20 గ్రాముల లెక్కన తేమ పీల్చే సిలికా జెల్ వేయండి. లోపల పెట్టిన చిన్న హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచేది) 40 నుంచి 50 శాతం చూపాలి. చెన్నై గాలిలో అది ఊరికే రాదు. సిలికా జెల్‌లోని నారింజరంగు గుళికలు ఆకుపచ్చగా మారితే 110 డిగ్రీల సెల్సియస్‌లో రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడండి, వంట ట్రేలో మాత్రం కాదు. రైలుతో వచ్చిన అట్టపెట్టెను వేరే డబ్బాలో ఉంచండి.