చందనం మాటున ఉన్న స్వామి

ప్రశ్న: ఒక ప్రైవేటు పాఠశాలలో ఉద్యోగం చేస్తూ, పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటున్నాను. సింహాచలం కొండెక్కిన రోజున మనసు నిండుగా ఉంటుంది గానీ, మిగిలిన రోజుల్లో దేవుడున్నాడన్న ఊహే రాదు. మా తోటికోడలికి సమయానికి బస్సు దొరికినా, పోయిన తాళంచెవి కనిపించినా అది స్వామి చూపిన నిదర్శనమే. నాకు అలాంటివేవీ కనిపించవు. ఈసారి అత్తగారిని వదిలి గిరి ప్రదక్షిణకూ వెళ్ళలేకపోయాను. నాలో భక్తి కొరవడిందా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: కొరవడలేదమ్మా. మీరు అడిగినదే అర్జునుడూ అడిగాడు. ఏయే భావాలలో నిన్ను ధ్యానించాలి స్వామీ అని భగవద్గీత 10వ అధ్యాయం 17వ శ్లోకంలో అతడు ప్రశ్నిస్తే, జలాశయాలలో సముద్రాన్ని, శిఖరాలు గల పర్వతాలలో మేరువును అని చెప్పిన శ్రీకృష్ణుడు, ప్రాణులలోని చైతన్యాన్నీ నేనే అన్నాడు. సముద్రాన్ని చూసి చేతులు జోడించడం విశాఖవాసులకు కష్టమేమీ కాదు. తడబడేదల్లా ఆ చైతన్యం దగ్గరే, ఎందుకంటే అది మన ఇంట్లోనే, మనం అలసిపోయి ఉన్న వేళ మనల్ని పిలిచే మనిషిలో ఉంటుంది.

సింహాద్రి అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్క వైశాఖ శుద్ధ తదియ నాడే దర్శనమిస్తుందని మీకు తెలుసు. తక్కిన రోజులన్నీ స్వామి చందనపు పూతలోనే ఉంటాడు; అయినా నిత్యార్చన ఆగదు, నైవేద్యం తప్పదు. చందనోత్సవానికి కొన్ని రోజుల ముందే గంధపు చెక్కల అరగదీత మొదలవుతుంది. సానరాయి మీద నీళ్ళు చిలకరిస్తూ చెక్కను ఎంతో సేపు తిప్పితే గానీ వేలికి అంటేంత గంధం రాదు. అలా తీసిన పచ్చి చందనాన్నే విడతకు మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలుగా స్వామికి సమర్పిస్తారు. అరగదీసేవారి చూపు చెక్క మీదా రాయి మీదా ఉంటుంది గానీ గర్భాలయం వైపు ఉండదు. అయినా ఏడాది పొడుగునా మనం మొక్కే రూపం వారి చేతుల మీదుగా వచ్చినదే. వీపు పుండు పడకుండా అత్తగారిని పక్కకు ఒత్తిగిల్లజేసి, తుడిచి, పక్కబట్ట మార్చేటప్పుడు మీ చూపు కూడా పని మీదే ఉంటుంది, ఉండాలి కూడా. ఆ సమయంలో ఏ అనుభూతీ కలగనంత మాత్రాన స్వామి అక్కడ లేడనుకోకండి.

ఇక నిదర్శనాల సంగతి. మీ తోటికోడలి కృతజ్ఞతను నేను తప్పుపట్టను. అయితే మనకు కలిసివచ్చిన దానితోనే దేవుణ్ణి గుర్తించడం మొదలుపెడితే, కలిసిరానివారిని ఏమనాలి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరం మీద విరుచుకుపడినప్పుడు, ఇల్లు నిలిచినవారు దేవుడే కాపాడాడని దణ్ణం పెట్టుకున్నారు. ఆ దణ్ణం నిజమైనదే గానీ, ఆ మాటను పైకప్పు ఎగిరిపోయిన పక్కింటివారి ముందు అనగలమా? కరెంటూ నీళ్ళూ లేక ఊరంతా రోజుల తరబడి అల్లాడిన ఆ సమయంలో, తమకున్న బిందెడు నీళ్ళలో సగం ముక్కూమొహం తెలియని వారికి పోసినవారిలోనే నాకు ఆయన జాడ స్పష్టంగా కనిపిస్తుంది.

రాత్రి దీపం ఆర్పే ముందు, ఆ రోజు మీకు ఏ సంబంధమూ లేనివారు చేసిన మేలును, విసుక్కోబోయి మీరు ఆగిన క్షణాన్ని ఒక్కసారి తలచుకోండి. నిజంగా విసుక్కున్న రోజైతే అదీ స్వామికి చెప్పుకోండి. కొన్నాళ్ళకు, రాత్రి తలచుకుంటే గానీ తెలియనివి పగటిపూటే తెలియడం మొదలవుతాయి.

గిరి ప్రదక్షిణ తప్పిందన్న దిగులు అక్కర్లేదు గానీ, వెళ్ళాలన్న కోరికను చంపుకోవద్దు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాటి ఆ 32 కిలోమీటర్ల నడకకు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అంతసేపూ అత్తగారి దగ్గర ఉండమని మీవారినీ తోటికోడలినీ ఇప్పటినుంచే అడిగిపెట్టుకోండి. పెద్దావిడ సేవ ఇంటిల్లిపాదిదీ కాబట్టి, అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.