కోట్ గుర్తును తీసేస్తే సరిపోదు

ప్రశ్న: కడియపులంకలో మా బాబాయిగారి నర్సరీకి పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లతో ఒక వెబ్‌సైట్ తయారు చేశాను. మొన్న ఒక కొనుగోలుదారు వెతికే పెట్టెలో మందార రకం పేరును 'కూపరీ' అని ఒంటి కోట్ గుర్తుల మధ్య టైపు చేయగానే డేటాబేస్ ఎర్రర్ వచ్చింది. వచ్చిన మాటలోంచి కోట్ గుర్తులను తొలగించే లైను ఒకటి చేర్చమని స్నేహితుడు అంటున్నాడు. అది చాలునా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కడియం మండలం

జవాబు: చాలదు. అసలు ఆ కొనుగోలుదారు చేసిన తప్పేమీ లేదు. సాగు రకాల పేర్లను ఒంటి కోట్ గుర్తుల మధ్య రాయడం మొక్కల నామకరణంలో అంతర్జాతీయంగా పాటించే పద్ధతి. నర్సరీ వెబ్‌సైటే ఆ గుర్తును తట్టుకోలేకపోతే దిద్దుకోవలసింది వెబ్‌సైటే.

మీ కోడ్ ఆ మాటను తీసుకెళ్లి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) వాక్యంలో నేరుగా అతికిస్తోంది. విలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎస్‌క్యూఎల్‌కు చెప్పేది కూడా ఒంటి కోట్ గుర్తే కనుక, కూపరీకి ముందున్న గుర్తు దగ్గరే విలువ ముగిసిందనుకున్న డేటాబేస్, తర్వాతి అక్షరాలను ఆదేశంగా చదవబోయి, అర్థంకాక ఆగిపోయింది. అదే చోట ఎవరైనా కోట్ గుర్తు వెనుక 'ఆర్ 1=1' ('లేదా 1=1' అని అర్థం) అని చేర్చి, మిగతా వాక్యాన్ని వ్యాఖ్యగా మార్చే రెండు అడ్డగీతలు, ఒక ఖాళీ టైపు చేస్తే, షరతు ప్రతి వరుసకూ నిజమై పట్టిక మొత్తం తెరమీదికి వస్తుంది. మరో పట్టిక ఫలితాలను కలిపి తెచ్చే యూనియన్ అనే పదం తెలిసినవాడు ఆర్డర్ల పట్టికలో ఉన్న ఫోన్ నంబర్లనూ అదే దారిలో లాగగలడు. మీ బాబాయిగారిని నమ్మి చిరునామా ఇచ్చినవారి వివరాలవి.

కోట్ గుర్తులను తొలగించినా ఈ దారి మూసుకోదు. మొక్క వివరాల పేజీ ఐడీ ఆధారంగా తెరుచుకుంటుంటే, అంకె చుట్టూ కోట్ గుర్తులే ఉండవు కదా; '25 ఆర్ 1=1' అని పంపినవాడి మాటలో మీరు తొలగించడానికి ఒక్క గుర్తూ దొరకదు.

చేయవలసింది ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడడం. 'సెలెక్ట్ * ఫ్రమ్ మొక్కలు వేర్ పేరు = ?' అన్న వాక్యాన్ని ముందుగా ప్రిపేర్‌తో పంపితే, డేటాబేస్ దాని నిర్మాణాన్ని అప్పుడే చదివి ఖరారు చేసుకుంటుంది. టైపు చేసిన మాట ఆ తర్వాత ఎగ్జిక్యూట్‌తో విడిగా వెళుతుంది. అచ్చు వేసిన వేబిల్లు ఖాళీలో మీరు ఏం రాసినా దాని మీది అచ్చు అక్షరాలు మారనట్టే, ప్రశ్నార్థకం చోట వచ్చిన మాటలో ఎన్ని కోట్ గుర్తులున్నా అది విలువగానే ఉంటుంది తప్ప ఆదేశం కాలేదు. పీహెచ్‌పీని డేటాబేస్‌తో కలిపే పీడీఓ గానీ మైఎస్‌క్యూఎల్‌ఐ గానీ వాడండి. మైఎస్‌క్యూఎల్_క్వెరీ అన్న ఫంక్షన్‌ను వాడమనే పాత పాఠాలను పక్కన పెట్టండి, 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే దాన్ని తీసేశారు. పీడీఓలో ఎమ్యులేట్ ప్రిపేర్స్ అన్న ఎంపికను ఫాల్స్ చేయండి. లేకపోతే మైఎస్‌క్యూఎల్ విషయంలో పీడీఓయే విలువలను వాక్యంలో కూర్చి పంపుతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే: ప్రిపేర్ అని రాస్తారు, కానీ లోపలి వాక్యంలో చుక్క (పీహెచ్‌పీలో మాటలను కలిపే గుర్తు) పెట్టి వేరియబుల్‌ను అతికించే ఉంచుతారు. అలా చేస్తే రక్షణ ఏమీ లేదు. ధర ప్రకారమో పేరు ప్రకారమో వరుస పెట్టే ఎంపిక మీ పేజీలో ఉంటే, నిలువు వరుస పేరు స్థానంలో ప్రశ్నార్థకం పనిచేయదు కనుక, అనుమతించే పేర్లను కోడ్‌లోనే రాసుకుని, వచ్చిన పేరు వాటిలో ఉంటేనే వాడండి. పేరులో కొంత భాగంతో వెతికే లైక్ అన్న ఎస్‌క్యూఎల్ పదానికి శాతం గుర్తులను విలువకే చేర్చి పంపాలి.

మార్చిన తర్వాత అదే పెట్టెలో 'కూపరీ' అని కోట్ గుర్తులతోనే టైపు చేసి చూడండి: మొక్క కనిపించాలి, లేదా లేదన్న సమాధానం రావాలి, ఎర్రర్ మాత్రం రాకూడదు. ఐడీ దగ్గర '25 ఆర్ 1=1' అని పంపితే 25వ మొక్కకు మించి మరేదీ తెరమీద కనబడకూడదు.