ఆన్‌లైన్‌లో కోర్సు చేస్తే బోర్డర్ ఊళ్ళో పని దొరుకుతుందా?

బీకాం అయింది, మాది ఒడిశా బోర్డరు, డిజిటల్ ఎకానమీ అంటున్నారు కదా, ఏదైనా ఆన్‌లైన్‌లో నేర్చుకుని ఇక్కడే సంపాదించొచ్చా అని అడిగారు. సంపాదించొచ్చండి, నేను ఒడిశా వైపు ఉన్న పర్లాకిమిడిలో షాపుల జీఎస్టీ లెక్కలు చూస్తూ చేస్తున్నది అదే. కాకపోతే ఏం నేర్చుకోవాలో కోర్సుల లిస్టు చూసి కాదు, మీ బజారు చూసి తేల్చుకోండి.

2017 జూలైలో జీఎస్టీ వచ్చాక, అప్పటిదాకా ఖాతా పుస్తకంతో నెట్టుకొచ్చిన షావుకార్లు కూడా జీఎస్టీ పోర్టల్ ఎక్కక తప్పలేదు. నేను టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ రెండూ యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు చూసే నేర్చుకున్నా. వాటిలో చాలావరకు ఒకే రాష్ట్రంలో జరిగే అమ్మకాలే చూపిస్తారు, మన దగ్గర అలా కుదరదు కదా, ఆటోలో వెళ్తే పాతపట్నం, అది వేరే రాష్ట్రం, ఆంధ్రా. పార్టీ (అంటే సరుకు కొనేవాళ్ళ) జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా, 37తో మొదలైతే ఆంధ్రా. ఇక్కడి పార్టీకి అమ్మితే పన్ను సీజీఎస్టీ (కేంద్రానిది), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రానిది) చెరి సగం. అవతలికి సరుకు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) ఒక్కటే, విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కూడా. నెల నెలా రిటర్న్ వేసేవాళ్ళకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు తర్వాతి నెల 11, 3బీ (మొత్తం లెక్క చూపి పన్ను కట్టేది) గడువు 20, ఆ రోజుల్లో నా ఫోన్ ఆగదు.

ఇంకో సంగతి, షావుకారు తెలుగులో చెప్తాడు, నోటీసు ఇంగ్లీషులో వస్తుంది, ఆఫీసుకి వెళ్తే ఒడియా. మూడూ వచ్చినవాడు హైదరాబాద్ నుంచి దొరకడు.

సర్టిఫికెట్ చూపించమని నన్ను ఏ షావుకారూ అడగలేదు. ఇంకా చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే వాళ్ళ లెక్క వేరు: కాలేజీ ఒప్పుకుంటే, 2021 యూజీసీ నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్‌లో చేసి క్రెడిట్లు కలుపుకోవచ్చు. అందులో ఐఐటీల వాళ్ళు చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితమే, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్ళి పరీక్ష రాయాలి. ఉద్యోగం గ్యారంటీ అంటూ ఈఎంఐలో వేలకు వేలు లాగే యాప్‌ల జోలికి పోకండి, ప్లీజ్.

డబ్బు సంగతి కూడా చెప్పాలి కదా. ఒక్కో షాపు ఇచ్చేది తక్కువే, నాలుగైదు షాపులు కుదిరేదాకా నేను సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకున్నా. మీరు ముందు తెలిసిన షాపులో ఒక నెల బిల్లులు అడిగి తెచ్చుకుని టాలీలో ఎక్కించి చూడండి, అందులో రెండు రాష్ట్రాల బిల్లులూ కలిసి ఉంటే ఇంకా మంచిది.