మా నాయన మడమ మీది మచ్చ

నూనె, కొవ్వు ఎక్కువ తింటే చర్మ క్యాన్సర్ వస్తుందా అని అడిగారు. ఈ ప్రశ్న మా ఇంట్లో ఆర్నెల్లు నలిగింది, అందుకే రాస్తున్నా.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయన బత్తాయి తోటలో చెప్పుల్లేకుండానే తిరిగేవాడు. రెండేళ్ల కింద ఒక సాయంత్రం బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే ఎడమ మడమ కింద కందిగింజంత నల్లమచ్చ కనిపించింది. "తుమ్మముల్లు ఇరిగి లోపల్నే ఉన్నట్టుంది, పిన్నీసు తే బిడ్డా" అన్నాడు. నేనే పిన్నీసు కాల్చి గీకి చూశాను. ముల్లు దొరకలేదు. నొప్పి కూడా లేదన్నాడు, అక్కడే మోసపోయాం. ఊళ్లో చూపిస్తే ఆనెకాయ అని పూతమందు ఇచ్చారు. ఎనిమిది నెలలు ఆ మందు నా చేత్తో పూశాను. మచ్చ రూపాయి బిళ్లంత అయింది. అంచులు తడి కాగితం మీద సిరాలా పాకాయి, ఒక పక్క కారు నలుపు, ఇంకో పక్క గోధుమ రంగు. దుప్పటికి నెత్తురు అంటితే గానీ హైదరాబాద్ తీసుకెళ్లలేదు. బయాప్సీలో, అంటే మచ్చ ముక్క తీసి చేసే పరీక్షలో, మెలనోమా అని వచ్చింది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ అది.

ఇక చుట్టాల పంచాయితీ మొదలైంది. పామాయిల్ వల్లనే అని మేనత్త, మటన్ వల్ల అని బాబాయి, గానుగ నూనె వాడితే ఇట్లయ్యేది కాదని ఇంకొకరు. నల్లగొండోళ్లం కదా, ఫ్లోరైడ్ నీళ్లను కూడా వదల్లేదు. ఇన్ని చెప్పినవాళ్లలో ఆ ఎనిమిది నెలల్లో నాయన కాలు తిప్పి చూసినవారు ఒక్కరూ లేరు.

కొవ్వుకూ దీనికీ లింకు ఉంది, కానీ మీరు అడిగిన తీరులో కాదు. డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది. చర్మం కింద మన ఒంటి కొవ్వు పొర ఉంటుంది, మడమ మెత్తగా ఉండేది కూడా కొవ్వుతోనే. మెలనోమా లోతుకు దిగి ఆ కొవ్వు కణాల పక్కకు చేరితే, వాటి నుంచి కొవ్వు ఆమ్లాలు లాక్కుని బలుస్తుంది. 2018లో న్యూయార్క్ పరిశోధకులు జీబ్రా చేపల్లో ఈ సంగతి చూపించారు. కొవ్వును కణంలోకి చేరవేసే ప్రోటీన్‌ను మందుతో అడ్డుకుంటే కణితి పెరుగుదల తగ్గింది. మా నాయన బక్కమనిషి, అయినా ఆ పొర ఆయనకూ ఉంది. కూరలో నూనె తగ్గిస్తే అది పోదు. మచ్చ ఎంత లోతుకు దిగితే ఆ కొవ్వుకు అంత దగ్గర, అందుకే బయాప్సీ రిపోర్టులో నేను ముందు వెతికింది అది ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందన్న అంకె.

తిండి సంగతి పూర్తిగా కొట్టిపారేయను. 1994లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, అప్పటికే చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్లు కొవ్వు తగ్గించి తింటే క్యాన్సర్‌కు ముందు వచ్చే గరుకు మచ్చలు తగ్గాయి. కానీ అవి ఎండ వల్ల వచ్చేవి. మన రంగువాళ్లలో మెలనోమా ఎక్కువగా ఎండ తగలని అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుంది. నెట్‌లో వెతికితే అన్నీ తెల్లతోలు మీది ఫోటోలే. మా నాయన మచ్చలాంటిది నాకు ఒక్కటీ దొరకలేదు. ఈ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మడమ దగ్గర కోసి, తొడ చర్మం తెచ్చి అతికించారు. గజ్జల్లో ఒక గడ్డ తీశారు. ఇప్పుడు మెత్తటి చెప్పులు వేసుకుని మెల్లగా తోట దాకా వెళ్లొస్తున్నాడు. పొద్దున గుడ్డు, ఆదివారం మటన్ తింటున్నాడు, డాక్టరమ్మ వద్దనలేదు. వచ్చే నెల మళ్లీ స్కాన్ ఉంది.