వణికే హెలికాప్టర్, ఉబ్బిన బ్యాటరీ

ప్రశ్న: మాస్టారూ, నేను నిజామాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెకండ్ హ్యాండ్‌లో 450 సైజు రిమోట్ హెలికాప్టర్ కొన్నాను. రెండో రోజే దించేటప్పుడు పక్కకు ఒరిగి పడింది. బ్లేడ్లు విరిగితే కొత్తవి వేశాను. అప్పటి నుంచి గాల్లో నిలబెడితే మొత్తం వణుకుతోంది, తోక కూడా అటూ ఇటూ ఊగుతోంది. స్క్రూలన్నీ బిగించాను. తోకని నిలకడగా ఉంచే జైరో గెయిన్ (దాని స్పందన జోరు) పెంచితే పోతుందని మా ఫ్రెండ్ అంటున్నాడు. పెంచమంటారా?

జవాబు: వద్దు బాబూ. గెయిన్ పెంచితే తోక ఇంకా జోరుగా కొట్టుకుంటుంది, అంతే.

'పక్కకు ఒరిగి పడింది, బ్లేడ్లు మార్చాను' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు సంగతంతా అక్కడే ఉంది. బ్లేడు నేలకు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బ బ్లేడు దగ్గరే ఆగదు. రెండు బ్లేడ్లను పట్టి ఉంచే గ్రిప్పులను కలుపుతూ రోటర్ తల లోపల అడ్డంగా సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్నే ఫెదరింగ్ షాఫ్ట్ అంటాం. ముందు వంగేది అదే. లోపల ఉంటుంది కనక పైకి కనపడదు, ఎన్ని స్క్రూలు బిగించినా ఆ వంకర పోదు.

గ్రిప్పుల చివర చెరో స్క్రూ ఉంటుంది. ఈ వైపు నుంచి ఒక అలెన్ కీ, ఆ వైపు నుంచి ఇంకోటి పెట్టి తిప్పు. రాకపోతే బలం చూపించకు. స్క్రూ తల అరిగిపోయిందంటే ఇక దాన్ని బయటికి తీయడానికి నీ సెలవులన్నీ చాలవు. సోల్డరింగ్ ఐరన్ మొన వేడిచేసి స్క్రూ తల మీద కాసేపు ఆనించు. లోపలి లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా వేసే జిగురు) మెత్తబడి దానంతట అదే కదులుతుంది. షాఫ్ట్ బయటికొచ్చాక గడ్డం గీసుకునే అద్దం బల్ల మీద పడుకోబెట్టి, దాని మీద వేలితో మెల్లగా దొర్లించు. కళ్లు అద్దం ఎత్తుకి దించి, కిటికీ వైపు చూడు. కడ్డీకీ అద్దానికీ మధ్య సన్నటి వెలుగు గీత ఒకటి వస్తూ పోతూ ఉంటే అది వంగినట్టే. సాపుగా ఉన్నదైతే ఆ గీత దొర్లినంతసేపూ ఒకేలా ఉంటుంది, చప్పుడు కూడా ఒకే తీరుగా వస్తుంది.

వంగితే సాపు చేయొచ్చా అని వచ్చే నెల అడుగుతావు కనక ఇప్పుడే చెబుతున్నా. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద షాఫ్టులు తిప్పినవాణ్ణి. డయల్ గేజీ పెట్టి సాపు చేయడం నాకు రాని పనేం కాదు. అయినా హెలికాప్టర్ షాఫ్ట్ ఒక్కటి కూడా అలా చేసి ఎగరేయలేదు. చవకైన సామాను, కొత్తది వేసుకో. బ్లేడ్లు ఊడిపోకుండా పట్టుకునేది ఆ కడ్డీయే మరి.

తిరిగి బిగించేటప్పుడు నూటికి తొంభైమంది ఒక చోట తప్పు చేస్తారు, నేనూ చేశాను. గ్రిప్పు లోపల థ్రస్ట్ బేరింగ్ ఉంటుంది: రెండు వాషర్లు, మధ్యలో గుండ్లు. చూడ్డానికి రెండు వాషర్లూ ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని బెజ్జం వెంట్రుకవాసి పెద్దది. రెండింటినీ షాఫ్ట్ మీదికి ఎక్కించి చూస్తే తెలుస్తుంది. వదులుగా ఆడేది లోపలికి, రోటర్ తల వైపు పోవాలి. బిగుతుగా పట్టేది బయటికి, స్క్రూ వైపు రావాలి. తిరగేసి వేస్తే గ్రిప్పు పట్టేస్తుంది, బేరింగ్ కొద్ది రోజుల్లోనే పొడిపొడి అవుతుంది. గుండ్లకు గ్రీజు పెట్టు. స్క్రూకి నీలం రంగు లాక్‌టైట్ ఒక్క చుక్క. ఎరుపు డబ్బా ముట్టుకోకు. పాత జిగురూ నూనే శుభ్రంగా తుడిచాకే చుక్క వెయ్యి. అదీ ఇనుముకి ఇనుము కలిసే చోటే. ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూకి లాక్‌టైట్ వేస్తే ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది.

షాఫ్ట్ బాగానే ఉందనుకో. అప్పుడు వణుకు తీరు చూడు. మనిషి చలికి వణికినట్టు బండి మొత్తం నిదానంగా ఊగుతుంటే పెద్ద రోటర్‌లో దోషం. తేనెటీగలా సన్నగా జుమ్మంటూ తోక రెక్క అంచు మసకబారితే తోక రోటర్‌లో దోషం. పెద్ద రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు తోకది నాలుగు చుట్లకు పైగా తిరుగుతుంది కనక దాని వణుకు సన్నగానే ఉంటుంది. అనుమానం తీరకపోతే పెద్ద బ్లేడ్లు తీసేసి, హెలికాప్టర్‌ని నేల మీద కదలకుండా కట్టి, దూరంగా నిలబడి మోటారు తిప్పు. ఇంకా జుమ్మంటుంటే వెతకాల్సింది తోకలో, గేర్లలో.

కొత్త బ్లేడ్లు కొన్నానన్నావు, తూకం చూశావా? రెండింటినీ ఒకే బోల్టుకు గుచ్చి, దారంతో వేలాడదీస్తే తక్కెడలా ఉంటుంది. పైకి లేచిన బ్లేడు కొసకి చిన్న టేపు ముక్క. ఇంకోటి, బ్లేడు బోల్టులు మరీ బిగించకు. హెలికాప్టర్‌ని పక్కకు పట్టుకుంటే బ్లేడ్లు నిలవాలి, చిన్న కుదుపు ఇస్తే వాలిపోవాలి. అంతే బిగువు.

ఇవన్నీ అయ్యాక ట్రాకింగ్. ఒక బ్లేడు కొసకి ఎర్ర టేపు, రెండో దానికి నీలం టేపు చుట్టు. కంటి ఎత్తులో నిలబెట్టి పక్క నుంచి చూస్తే రెండు కొసలూ ఒకే గీత మీద తిరగాలి. ఎరుపు పైన, నీలం కింద కనపడిందా, దించి, బ్యాటరీ పీకి, ఎర్ర బ్లేడు లింకుని (గ్రిప్పుని కదిపే చిన్న కడ్డీని) ఒక చుట్టు సవరించి మళ్లీ చూడు. చూసేది పది అడుగుల నుంచి కాదు, పది మీటర్ల నుంచి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది కాకినాడ. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడి హెలికాప్టర్ బ్యాటరీ దిండులా ఉబ్బింది. 'ఏం కాదమ్మా, ఇంకా ఎగురుతోంది' అంటాడు. బీరువాలో బట్టల మధ్య పెడతాడు, రాత్రి ఛార్జింగ్ పెట్టి నిద్రపోతాడు. నాకేమో భయంగా ఉంది.

జవాబు: మీ భయమే సరైనదమ్మా, వాడి ధైర్యం కాదు. ముందు దాన్ని బీరువాలోంచి తీయించండి. వేడిగా ఉన్నా, తియ్యటి ఘాటు వాసన వస్తున్నా అటు వెళ్లకండి, మనుషుల్ని దూరం పెట్టి గాలాడనివ్వండి. చల్లగా ఉంటే చేత్తోనే, నొక్కకుండా తీసుకెళ్లి ఆరుబయట, ఇసుక పోసిన ఇనప బకెట్‌లో పెట్టండి. దాన్ని మళ్లీ ఛార్జ్ చేయకూడదు. గాలి తీసేస్తానని సూది గుచ్చే మేధావులు కూడా ఉన్నారు, లోపలి పొరలు కలిసి మంటొస్తుంది. మిగిలిన ఛార్జ్ దిగిపోవడానికి కారు ఇండికేటర్ బల్బు, పన్నెండు వోల్టులు ఇరవయ్యొక్క వాట్లది, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ఆ బకెట్‌లోనే తగిలించండి. బల్బు పూర్తిగా ఆరిపోయాక కనెక్టర్‌కి టేపు చుట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకివ్వండి. మున్సిపాలిటీ చెత్తబండిలో మాత్రం వేయకండి.

ఇక అబ్బాయికి నేను చెప్పానని చెప్పండి. ఈ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ నిండుగా 4.2 వోల్టులు. దానికి మించి ఎక్కిస్తే ఉబ్బుతుంది. 3 వోల్టుల కిందికి దిగితే పాడైపోతుంది. నేనైతే సామర్థ్యంలో ఐదో వంతు మిగిలుండగానే దించేస్తాను. 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి 2.2 ఆంపియర్లు ఛార్జింగ్, అంతకు మించొద్దు. సన్న తీగల తెల్ల కనెక్టర్ కూడా ఛార్జర్‌కి గుచ్చాల్సిందే, సెల్‌లు సమానంగా నిండేది దాంతోనే. ఎగరేయని వారాల్లో నిండుగా వదిలేయకూడదు. సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. నిండా ఛార్జ్ చేసి వదిలేసిన బ్యాటరీ, మే నెలలో కారు డిక్కీలో మరిచిపోయిన బ్యాటరీ, ఈ రెండే నా దగ్గర ఎక్కువగా ఉబ్బాయి. మా విజయవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

మేలుకుని ఉన్నప్పుడు, గచ్చు నేల మీద, కళ్లెదుట ఛార్జ్ చేయాలి. రాత్రి పెట్టి పడుకునేది ఫోను కాదు కదా ఇది. నిజానికి ఫోను కూడా నేను పెట్టను, మా ఆవిడ ఒప్పుకోదు.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. బల్ల మీద సెట్టింగులు చూసుకునేటప్పుడు ప్రతిసారీ బ్లేడ్లు తీయాలా? మోటారు తిరగకుండా ఆపే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేస్తే సరిపోదా?

జవాబు: నా ఎడమ బొటనవేలి గోరు రెండు ముక్కలుగా పెరుగుతుందండి. థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేసే ఉంది, ఆ రోజు కూడా.

భోజనాల బల్ల మీద హెలికాప్టర్, బ్లేడ్లు దాని మీదే. స్వాష్‌ప్లేట్ (బ్లేడ్ల వాలు మార్చే పళ్లెం) సమంగా లేస్తోందా చూద్దామని రిమోట్ ఆన్ చేశాను, హోల్డ్ స్విచ్ వేశాను, బ్యాటరీ గుచ్చాను. ఎడమ చేత్తో తోక పట్టుకుని కుడి చేత్తో రిమోట్ మీది థ్రాటిల్ కర్రని సగం దాకా ఎత్తాను. రిమోట్‌లో ఒక్కో మోడల్ సెట్టింగులకి ఒక్కో మెమరీ ఉంటుంది. హెలికాప్టర్ మెమరీలో అయితే హోల్డ్ ఉన్నంతసేపూ మోటారు తిరగదు, పిచ్ (బ్లేడ్ల వాలు) ఒక్కటే మారుతుంది. కానీ ముందు రోజు విమానం ఎగరేశాను, రిమోట్‌లో ఇంకా విమానం మెమరీయే ఉంది. అందులో ఆ స్విచ్‌కి ఏ పనీ లేదు, కర్ర ఎత్తితే మోటారు తిరుగుతుంది. తిరిగింది. స్పీడ్ కంట్రోలర్‌లో నిదానంగా ఎత్తుకునే సెట్టింగ్ కూడా పెట్టలేదు. బ్లేడు ముందు మంచినీళ్ల చెంబుని, తర్వాత నా వేలిని కొట్టింది. చెంబు ఇప్పటికీ సొట్టతోనే ఉంది, అలాగే ఉంచమన్నాను.

మోటారుకి వచ్చే మూడు తీగల్లో రెండు పీకేయండి. సర్వోలు (బ్లేడ్ల వాలు కదిపే బుల్లి మోటార్లు), జైరో మామూలుగానే పనిచేస్తాయి, పెద్ద మోటారు మాత్రం తిరగదు. అర నిమిషం పని. దాంతోపాటు బ్లేడ్లు కూడా తీస్తే మంచిది. మైదానంలో అయితే రిమోట్ ముందు, బ్యాటరీ తర్వాత. ఆపేటప్పుడు బ్యాటరీ ముందు, రిమోట్ తర్వాత. రిమోట్ ఆన్ చేయగానే తెర మీద మోడల్ పేరు పైకి చదవండి, నేను ఇప్పటికీ గొంతెత్తి చదువుతాను. పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఒక చిన్న లెక్క. 450 సైజు రోటర్ వ్యాసం దాదాపు 70 సెంటీమీటర్లు. నిమిషానికి 2800 చుట్లు తిరిగితే బ్లేడు కొస గంటకు 370 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇది ఆటవస్తువుల కొట్లో దొరికే సైజు పెట్టెలోనే వస్తుంది. దీనికంటే పెద్ద రకం హెలికాప్టర్ తగిలి 2013 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఒక పార్కులో, 19 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. ఎగరేసింది అతనే, కొత్తవాడూ కాదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎక్కడ ఎగరేయాలి? పర్మిషన్ కావాలా?

జవాబు: 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ మనకూ వర్తిస్తాయి. 250 గ్రాముల నుంచి 2 కిలోల లోపుది మైక్రో తరగతి. సరదాకి ఎగరేసే మైక్రోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ సంగతి మాత్రం చూసుకోవాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఎత్తు పరిమితి 400 అడుగులు, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు. నిజానికి అంతెత్తుకి పోతే మన హెలికాప్టర్ ముందుకి తిరిగిందో వెనక్కి తిరిగిందో కంటికి ఆనదు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల ఉండేవాళ్లు ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో జోన్ చూడకుండా ఇల్లు కదలొద్దు. కాలనీ మైదానం, పార్కు వద్దు. వాకింగ్ వాళ్లు ఆగి చూస్తారు, కుక్కలు వెంటపడతాయి, బంతి కోసం పిల్లలు అడ్డంగా పరుగెత్తుకొస్తారు. ఊరి బయట, పొలం యజమానిని అడిగి, పొద్దున్నే వెళ్లండి.

ప్రశ్న: మాది కరీంనగర్. సంక్రాంతి మర్నాడు ఎగరేస్తుంటే ఉన్నట్టుండి గిర్రున తిరిగి పడిపోయింది. జైరో పోయిందా?

జవాబు: పడింది సంక్రాంతి మర్నాడు అన్నారు కనక జైరో జోలికి పోకముందు తోక చూడండి. తోక బ్లేడ్లు విప్పి, గ్రిప్పుకీ తోక పెట్టెకీ మధ్య సందులో టార్చి వేసి చూస్తే మాంజా చుట్టుకుని ఉంటుంది. గడ్డిలో పడున్న దారం లేచేటప్పుడు రోటర్ గాలికి ఎగిరి అందులో పడుతుంది. నైలాన్ దారమైతే వేడికి కరిగి బేరింగ్ సీలులోకి దిగిపోతుంది, లాగితే రాదు. సన్న బ్లేడుతో కోసి తీసి, బేరింగ్‌ని వేలితో తిప్పి చూడండి. గరగరమంటే మార్చండి. బెల్టు పళ్లు కూడా ఒకసారి చూడండి, తోక ఆగినా మోటారు లాగుతూనే ఉంటుంది కనక రెండు మూడు పళ్లు ఊడి ఉండొచ్చు. నేనైతే జనవరి నెలంతా మైదానంలో ముందు చీపురు పట్టుకుని నాలుగడుగుల మేర ఊడ్చి, పాత డోర్‌మ్యాట్ పరిచి, దాని మీంచే లేపుతాను.