ముంపు పంచనామాలో ఏం రాయించాలి?

ప్రశ్న: మాది సిరొంచ తాలూకాలో నది ఒడ్డు ఊరు. గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక పత్తి చేలోకి దాదాపు ప్రతి వానాకాలం నీళ్లొస్తున్నాయి. బ్యారేజీకి తీసుకున్న భూముల్లో మా సర్వే నంబరు లేదు. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) గారు ఏటా 'అతివృష్టి' అని పంచనామా రాసుకుపోతారు. బ్యారేజీ తెలంగాణది, మేం మహారాష్ట్ర వాళ్లం. ఎవరిని అడగాలి?
– ఒక రైతు, గడ్చిరోలి జిల్లా

జవాబు: మీ చిక్కు ఆ పంచనామాతోనే మొదలైంది. 'అతివృష్టి' అని పడిందంటే మీ నష్టం ప్రకృతి విపత్తు పద్దులోకి పోతుంది. 2022-26 కేంద్ర నిబంధనల్లో ఆ పద్దు కింద ఇచ్చేది ఇదీ: పంట కనీసం 33 శాతం పోతే వర్షాధార చేనుకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉంటే 17,000. అదీ 2 హెక్టార్ల వరకే. రాష్ట్రం తనంతట తాను పెంచి ఇస్తే వేరే మాట. ఆ డబ్బు వదులుకోకండి, కానీ అది సాయమే తప్ప భూమికి పరిహారం కాదు.

కాబట్టి పంచనామా రోజు దగ్గరుండి ఈ వివరాలు రాయించండి: నీళ్లు ఏ తేదీన వచ్చాయి, ఏ తేదీన తీశాయి, నది గట్టు దాటి వచ్చాయా లేక వాగు ఎగదన్నిందా, ఆ రోజు మీ ఊళ్లో వాన ఉందా లేదా. వాన లేని రోజు చేను మునిగితే ఆ ఒక్క వాక్యమే మీకు కొండంత బలం. ఇసుక మేట ఉంటే నాలుగైదు చోట్ల గుంత తీసి, స్కేలు పెట్టి ఫొటో తీయండి. 3 అంగుళాలు దాటితేనే మేట తొలగింపు సాయం (హెక్టారుకు 18,000, చిన్న, సన్నకారు రైతులకు) వర్తిస్తుంది. కంటి అంచనాతో 'కొద్దిగా ఇసుక' అని రాస్తే అది కూడా పోతుంది. సంతకం పెట్టేముందు చదివించుకోండి. మరాఠీ రాకపోతే చదివే మనిషిని వెంట తెచ్చుకోండి.

ఇక జాబితాలో లేని భూమి ఎందుకు మునుగుతుంది? 2016 ఆగస్టు 23న రెండు రాష్ట్రాలూ మేడిగడ్డ పూర్తి నీటిమట్టాన్ని సముద్రమట్టానికి 100 మీటర్లుగా ఒప్పుకున్నాయి. నిల్వ ముంపు లెక్క ఆ మట్టం మీదే. కానీ వరదలో నీళ్లు ఆ మట్టం దగ్గర ఆగవు. 85 గేట్లూ ఎత్తినా పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) నదికి అడ్డమే కాబట్టి ఎగువన మట్టం కొంత లేస్తుంది. పెద్ద నది నిండుగా ఉంటే వాగు నీరు దిగలేక చేల మీదికి మళ్లుతుంది. 2023 అక్టోబరులో పియర్లు కుంగాక నిల్వ ఆపారుగదా, ఇంకేం ముంపు అని ఆఫీసులో అనొచ్చు. మీరు అడుగుతున్నది నిల్వ గురించి కాదు, వరద గురించి అని చెప్పండి.

రుజువుకు రెండు సమాచార హక్కు దరఖాస్తులు విడివిడిగా వేయండి. తెలంగాణ నీటిపారుదల శాఖకు తెలుగులోనే రాయొచ్చు, దేశ పౌరులైతే చాలు. మీ చేను మునిగిన తేదీల్లో గేట్లు ఎన్ని, ఎంత ఎత్తారో, గంటవారీ నీటిమట్టం ఎంతో అడగండి. రెండోది కేంద్ర జలసంఘానికి, హిందీలోనో ఇంగ్లీషులోనో: కాళేశ్వరం దగ్గర, బ్యారేజీ మొదలైన 2019కి ముందూ తర్వాతా రోజువారీ మట్టం, ప్రవాహం. ప్రవాహం అంతే ఉన్నా మట్టం పెరిగి కనబడితే వాదనకు అదే ప్రాణం. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆపై 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

ఒక హెచ్చరిక. 2022 జూలైని ఒక్కదాన్నే పట్టుకుని పోకండి. అప్పుడు భద్రాచలం దగ్గరే 71.3 అడుగులు వచ్చింది, 'బ్యారేజీ లేకపోయినా మునిగేదే' అనేస్తారు. మామూలు వరద ఏళ్లను ముందు పెట్టండి.

భూమి మహారాష్ట్రలో ఉంది కాబట్టి అర్జీ గడ్చిరోలి కలెక్టరుకే. సాత్‌బారా (7/12 భూమి పత్రం), పంచనామాలు, భూమి అభిలేఖ్ (భూ రికార్డుల శాఖ) మోజణీ నక్షా అంటే కొలతల పటం జతచేసి, ముంపు భూమిని 2013 భూసేకరణ చట్టం కింద తీసుకోమని అడగండి. కదలకపోతే బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఉంది. నలుగురైదుగురు కలిసి వెళ్తే వకీలు ఖర్చు పంచుకోవచ్చు.

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్ వైపు. వంశధార మీది నేరడి బ్యారేజీకి మా భూమి పోతుందంటున్నారు. డబ్బు ఆంధ్రా ఇస్తుందా, ఒడిశా ఇస్తుందా?

జవాబు: వంశధార ట్రిబ్యునల్ 2017 తీర్పు ప్రకారం 106 ఎకరాలు ఒడిశా సేకరించి ఇవ్వాలి, ఖర్చు ఆంధ్రాది. మీ లావాదేవీ అంతా ఒడిశా అధికారులతోనే. ప్రకటన ఒడియాలో వస్తుంది, కాబట్టి పంచాయతీ, తహసీలు బోర్డులు చూస్తూ ఉండండి. తొలి నోటిఫికేషన్ తర్వాత అభ్యంతరాలకు 60 రోజులే గడువు. ధర తక్కువనిపిస్తే డబ్బు తీసుకునేటప్పుడు 'అభ్యంతరంతో తీసుకున్నాను' అని రసీదు మీద రాయండి. అది లేకుండా తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం 64వ సెక్షన్ కింద పెంపు అడిగే హక్కు పోతుంది. ఆ దరఖాస్తుకు గడువు, అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) నాడు మీరు హాజరైతే, ఆరు వారాలు.